క్వార్టర్ల వెనకాల పడ్డ గుంత

ఆదివారం చర్చికి వెళ్లేలోపు గ్రహం పని పూర్తిచేయాలని శాంతిరాజ్ అనుకున్నాడు. అతను గోదావరిఖనిలో గని ఆఫీసు క్లర్కు. పెట్టెలో ముక్కలుగా వచ్చిన అంతరిక్ష నౌక బొమ్మను ఓపికగా అతికించి రంగులేశాడు. ఇక అది ఏదో తెలియని గ్రహం మీద కూలినట్టు చుట్టూ నేల కట్టాలి.

ఎట్లా కట్టాలో మంచిర్యాల మిత్రుడు టిమోతి రోజూ ఫోన్లో చెప్పేవాడు. థర్మకోల్‌ను కత్తితో కోయకుండా చేత్తో తుంచితేనే కొండలా ఉంటుంది. దాని మీద ఫెవికాల్ నీళ్లు పూసి, జల్లించిన మట్టి చల్లాలి. నౌక ముక్కు నేలలోకి దిగాలి. ఫోన్‌ను కిందికి ఆనించి ఫోటో తీస్తే చిన్నది పెద్దగా కనిపిస్తుంది. మట్టికి బదులు శాంతిరాజ్ బొగ్గుపొడి వాడాడు. ఆ ఊళ్లో అది కిటికీ ఊచల మీదే దొరుకుతుంది.

"నా చాయ్ వడకట్టే జాలీ ఏదయ్యా?" భార్య ఫెబా వంటింట్లోంచి అడిగింది.

"గ్రహం మీదున్నది."

నౌక వెనకాల గుంత చేసి, దూదిని పలచగా లాగి అందులో నిలబెడితే అచ్చం పొగే. సంబరంగా ఫోటో తీసి, "మొత్తానికి వెనకాల గుంత పడ్డది. పొగ గూడ వస్తున్నది. జల్ది చూడు" అని టిమోతికి పంపి స్నానానికి వెళ్లాడు. అది వెళ్లింది టిమోతికి కాదు, కాలనీ గ్రూపుకు.

నేల కుంగి పొగ వస్తోందంటే గనుల ఊళ్లో ఎవరూ నవ్వరు. ఫోటోలో కనిపించిన నౌక తోక మొదటి వీధిలో డోజర్ అయింది. రెండో వీధికి అందులో డ్రైవరూ చేరాడు.

శాంతిరాజ్ తల తుడుచుకుంటూ వచ్చేసరికి వీధంతా పరుగు. పక్కింటి సర్వరీ బేగం చంకలో మేకపిల్ల ఉంది.

"ఏమైంది ఖాలా?"

"క్వార్టర్ల వెనకాల భూమి కుంగింది బేటా! డోజర్ మునిగిందట, డ్రైవర్ లోపట్నే ఉన్నడట!"

"అయ్యో దేవా! ఫెబా, బయటికి రా!" అంటూ శాంతిరాజ్ కూడా తువ్వాలతోనే పరుగెత్తాడు.

వెనక మైదానంలో గడ్డి తప్ప ఏమీ లేదు. "గుంత ఏడున్నదో మీరే చూడుండ్రి," అని యూనియన్ నాయకుడు కొమురెల్లి ఫోన్ చూపించాడు. శాంతిరాజ్ వంగి చూసి తన దూదిని గుర్తుపట్టాడు. డ్రైవరు కోసం చేస్తున్న ప్రార్థన సగంలో ఆగిపోయింది.

"అది... మా ఇంట్ల గుంత, కొమురన్నా."

"ఇంట్ల పడ్డదా! తాడు తేండ్రిరా!"

అతను నోరు తెరిచేలోపే జనం తాడుతో సహా వాళ్ల ఇంట్లోకి దూరారు. బల్ల మీది గ్రహాన్ని చూసి అందరూ ఆగిపోయారు.

"డ్రైవరేడి?" అన్నాడు కొమురెల్లి.

"లేడన్నా. అది బొమ్మ."

"మా అవ్వను మంచంతోని ఎత్తుకొచ్చినం, ఎరికేనా?"

శాంతిరాజ్ తల దించుకున్నాడు. "తప్పైంది అన్నా."

సర్వరీ బేగం బల్ల మీదికి వంగింది. "గా పొగ ఏంతోని చేసినవ్ బేటా?"

ఆమె వెనకాల ఇంకొకరు వంగారు. చివరికి కొమురెల్లి కూడా కళ్లద్దాలు సర్దుకున్నాడు. "గీ బండలేంది?"

శాంతిరాజ్ గొంతు సవరించుకునేలోపు ఫెబా ముందుకొచ్చింది. రోజూ ఆ ఫోన్లన్నీ ఆమె వంటింట్లోంచి వింటూనే ఉంది.

"థర్మకోల్ అన్నా. చేత్తోని తుంచాలె. ఎనక కొండకు పలచ రంగెయ్యాలె, అప్పుడే దూరమున్నట్టు కనిపిస్తది. పక్కన మనిషి బొమ్మ పెడితేనే ఓడ ఎంతున్నదో తెలుస్తది. గదే ఈయన మర్చిపోయిండు."

"గది పెడితే మేం ఉరుకకపోతుంటిమి గదా!" అని కొమురెల్లి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

గుమ్మం బయట ఇంకా జనం చేరుతున్నారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఫెబా గ్రహం గురించి మొదటి నుంచి చెబుతుంటే, శాంతిరాజ్ వంటింట్లో చాయ్ గ్లాసులు కడిగాడు.