తోడల్లుడి కెన్యా

ఆ ఆదివారం ఉదయం ప్రొద్దుటూరు స్టీలు సామాన్ల వ్యాపారి నారాయణ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్త ఖాకీ బట్టలు తొడుక్కోవాలి. టాపులేని జీపెక్కాలి. పులివెందులలో తోడల్లుడు అవినాష్ ఇంటి ముందు రెండుసార్లు హారన్ కొట్టించాలి. వాడి మొహం మాడటం కళ్లారా చూసి, మధ్యాహ్నానికి జమ్మలమడుగు అత్తగారింట్లో భోజనానికి కూర్చోవాలి. అంతే.

ఈ మంట మొదలై నెలయింది. కుటుంబం వాట్సాప్ గ్రూపులో అవినాష్ నుంచి ఓ జాబితా వచ్చి పడింది. కెన్యా అడవుల్లో జంతువులను చూడబోయేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా పది రోజుల ముందే వేయించుకోవాలి. చిన్న విమానంలోకి గట్టి సూట్‌కేసులు ఎక్కనివ్వరు, మెత్తటి సంచే తేవాలి. నీలం, నలుపు బట్టలకు కుట్టే ఈగలు మూగుతాయి, మట్టిరంగువే తొడుక్కోవాలి. బైనాక్యులర్ చూడటం ముందే అలవాటు చేసుకోవాలి. కింద 'మేం పోతున్నాం' అని ఒక్క మాట లేదు. ఆ మౌనమే నారాయణను కాల్చింది. అవినాష్ రెండు ఏసీలు పెట్టిస్తే తన ఇంట్లో మూడు పెట్టించిన మనిషి ఆయన. గదులు రెండే. ఈసారి వెనకబడితే అత్తగారింట్లో పెద్దల్లుడికి వడ్డించే మొదటి విస్తరి చిన్నల్లుడి ముందుకు పోతుంది.

పది నిమిషాల్లో గ్రూపులో "మేమూ పోతాండాం" అని పెట్టాడు. మర్నాడే టూర్ ఖాయం చేశాడు. ఆ వారంలోనే టీకా వేయించుకుని భుజం ఫోటో కూడా పెట్టాడు.

"వీధిలో కుక్క అరిస్తే నన్ను ముందర నడవమంటావు, సింహాన్ని జూస్తావా నువ్వు?" అంది భార్య భార్గవి.

"సింహం కాదే, అవినాష్ మొగం జూడాల."

దర్జీ గఫూర్ దగ్గర మట్టిరంగు గుడ్డ ఒక్కటే ఉంది, ఖాకీ. నాలుగు జేబులు పెట్టి, అభిమానం కొద్దీ భుజాల మీద పట్టీలు కూడా కుట్టాడు. "అంత పెద్ద అడవికి పోతాండావు, పట్టీల్లేకుంటే ఏం బాగుంటాది నారాయణప్పా?"

ఆ పట్టీలతోనే కొంప మునిగింది.

తొండూరు దాటాక నారాయణ జీపులో లేచి నిలబడి, శనక్కాయ చేల వైపు బైనాక్యులర్ తిప్పాడు. తిప్పిన రెండో నిమిషంలో గురవమ్మ అనే రైతు దారికి అడ్డంగా నిలబడింది. వెనక పదిమంది.

"ఇప్పటికి తెలిసిందా సార్ మా ఊరికి దావ? పందులు పడి చేనంతా దున్నిపెట్టినంక వస్తాండావా?"

"నేను ఫారెస్టాయన కాదమ్మా. ఆఫ్రికాకు పోతాండా."

"ట్రాన్స్‌ఫరా? ఐతే పోయేలోపల మా చేను జూసి పో!"

నిజం చెప్పి బయటపడే అవకాశం ఇంకా ఉంది. డ్రైవర్ కలీం కళ్లతో సైగ కూడా చేశాడు. కానీ అప్పటికి ఎవరో మెడలో బంతిపూల దండ వేశారు. ఇంకెవరో ఎళనీరు బొండం తెచ్చారు. ముప్ఫై ఏళ్లు గిన్నెలు అమ్మినా తనను ఇంతమంది సార్ అన్నది లేదు. నారాయణ జేబులోంచి చిన్న పుస్తకం తీసి, "ఎన్ని పందులు? యాపక్క నుంచి వచ్చినాయి?" అని రాసుకోవడం మొదలుపెట్టాడు.

వార్త పాకింది. పక్క ఊళ్లవాళ్లు అర్జీలతో దిగారు. పందులవల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయిన చీనీ బత్తాయి తోట యజమానికి ఫోన్ చేసి రప్పించారు. ఆయన బైకు దిగి, రెండు చేతులా అర్జీ పట్టుకుని, తల వంచి, "నమస్తే సార్" అన్నాడు.

అవినాష్!

నారాయణ జన్మ తరించింది. అర్జీ అందుకుని, నిదానంగా, "పేరేంది?" అని అడిగాడు.

అవినాష్ తలెత్తాడు. నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి మాట రాకముందే చేలోంచి పంది వచ్చింది. పిల్ల. పిల్లి కంటే కాస్త పెద్దది. మరుక్షణం నారాయణ జీపు బానెట్ మీద ఉన్నాడు. ప్యాంటు వెనక నిలువునా చిరిగింది.

గురవమ్మ తేరిపార చూసి, "ఈయప్పను ఆఫ్రికాకు ఎందుకేసినారో ఇప్పుడు తెలిసె" అంది.

అర్జీలను సోమవారం తానే ప్రొద్దుటూరులోని అసలు ఫారెస్టు ఆఫీసుకు చేరుస్తానని అందరికీ మాటిచ్చి, తనూ అత్తగారింటి భోజనానికే కాబట్టి బైకు అక్కడే వదిలి, అవినాష్ జీపెక్కాడు. ఊరు దాటేదాకా నవ్వు బిగబట్టాడు.

"నగుతాండావా? రేపు కెన్యాలో నీ సంగతీ జూస్తా!" అన్నాడు నారాయణ.

"నేను యాడ పోతాండా అన్నా? ఆ లిస్టు కెన్యా పోయే మా చీనీకాయల వ్యాపారిది. చెయ్యి తగిలి గ్రూపులో పడె. తీసేద్దామనుకునేలోగా నువ్వు మేమూ అంటివి. సూది ఫోటో పెడితివి. ఇంగ నేనేం జెప్పాల?"

నారాయణ బైనాక్యులర్ సీటు మీద పెట్టేశాడు. "అంటే సింహాల కాడికి నేనొక్కణ్ణేనా?"

భోజనానికి ముందే టూర్ వద్దని చెప్పేయాలని జమ్మలమడుగులో దిగాడు. కానీ అత్త సుశీలమ్మ అప్పటికే వీధి వీధంతా చాటింది. "మా పెద్దల్లుడు సింహాలను జూసేకి పోతాండాడు!" మొదటి విస్తరి ఆయనకే వేసి, నెయ్యి రెండుసార్లు పోసింది. అవినాష్ చెయ్యి చాపేసరికి గిన్నె వంటింట్లోకి వెళ్లిపోయింది. అవినాష్ మొహం మాడింది. ఆ మొహం చూశాక నారాయణ చెప్పదలచుకున్న మాట నెయ్యితో పాటు గొంతు దిగిపోయింది.

సోమవారం ఉదయం చిరిగిన ప్యాంటు, చొక్కా పట్టుకుని ఆయన గఫూర్ దుకాణానికి వెళ్లాడు. లోపల అవినాష్ చేతులు చాచి కొలతలిస్తున్నాడు.

"మా అన్నకు ఎన్ని జేబులు పెట్టినావు?"

"నాలుగు."

"నాకు ఆరు పెట్టు."

నారాయణ లోపలికి నడిచి, బట్టలు బల్ల మీద పెట్టి, చిరుగు కుట్టేటప్పుడు చొక్కాకు ఇంకో మూడు జేబులు కూడా వేయమన్నాడు.