ఉంచుకోవాలా, తెంచుకోవాలా

ఆ శనివారం కొరీన్ కుబియక్ బట్టలు ఉతుక్కోవాలనుకుంది. ఆ పనిలో పనిగా తన పాత క్రెడిట్ కార్డును కూడా మూయించేయాలనుకుంది. రెండింట్లో బట్టలే పెద్ద పని అని ఆమె అంచనా.

ఆ కార్డు ఆమె జీవితంలో మొట్టమొదటిది. ఇరవయ్యేళ్ళ వయసులో, టొలీడో ఊరి చివర మాల్‌లో చెప్పుల షాపులో పనిచేసే రోజుల్లో, గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నవాళ్ళు ఒక దుప్పటి బహుమతిగా ఇచ్చి మరీ అంటగట్టారు. అప్పట్లో ఆమెకు కార్డు ఇచ్చే బ్యాంకు ఇంకోటి లేదు. తరవాత దుప్పటి చిరిగిపోయింది, మాల్‌ను కూల్చేశారు. కార్డు మాత్రం వంటింటి సొరుగులో గరిటెల కింద ఉండిపోయింది. రోజూ వాడుకోడానికి ఆమె దగ్గర వేరే కంపెనీ కొత్త కార్డుంది, పాతదానివల్ల ఒరిగేదేమీ లేదు. ఉంచుకున్నందుకు ఏడాదికోసారి రుసుము మాత్రం పట్టుకుపోతారు.

మూయించాలా వద్దా అని ఆమె కనిపించిన వాళ్ళందరినీ అడిగింది. కళ్ళజోళ్ళ షాపులో తనతో పనిచేసే అమ్మాయి వెంటనే మూసెయ్యమంది. మరిది డ్వేన్ గుండెలు బాదుకున్నాడు. డ్వేన్ రెండుసార్లు దివాలా తీసి, రెండుసార్లు విడాకులు తీసుకున్నవాడు కనక డబ్బు సంగతుల్లోనూ సంసారం సంగతుల్లోనూ ఆ కుటుంబానికి అతనే సలహాదారు. "పాతది తీసేస్తే నీ చరిత్రే పోతుంది వదినా. క్రెడిట్ స్కోరు పడిపోయి రేపు నిన్నెవరూ నమ్మరు. రెండూ ఉంచుకో. పాతదాన్ని అప్పుడప్పుడు బయటికి తీసి ఓ కాఫీ తాగించు, చాలు" అన్నాడు. భర్త లోవెల్‌ను అడిగితే, టీవీలో చేపలు పట్టేవాళ్ళ మీంచి చూపు తిప్పకుండా "నీ ఇష్టం" అన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అతను చాలావరకు ఆ రెండు మాటలతోనే కాపురం నెట్టుకొచ్చాడు.

పైన టీవీ మోత భరించలేక కొరీన్ బేస్‌మెంట్‌లోకి దిగి, వాషింగ్ మెషిన్ పక్కన నిలబడి కార్డు కంపెనీకి ఫోన్ చేసింది. చాలాసేపు సంగీతం వినిపించాక టెరెన్స్ అనే అతను పలికాడు. సరిగ్గా అప్పుడే లోవెల్ ఉన్ని సాక్సులు వెతుక్కుంటూ బేస్‌మెంట్ మెట్ల మీదికి వచ్చాడు. మే నెల ఇంకా రాలేదు, చేపలు నదిలోకి ఎదురెక్కే రోజులవి. సాక్సులు లేకుండా ఆ చల్లటి నీళ్ళలో నిలబడటం కుదరదు.

సగం మెట్లు దిగేసరికి భార్య గొంతు వినిపించింది.

"ఇరవయ్యేళ్ళప్పుడు ఇంకెవరూ నన్ను నమ్మలేదు, అందుకే ఒప్పేసుకున్నాను. అదే గొప్పనుకున్నాను అప్పట్లో. ఇన్నేళ్ళలో నాకు ఒరిగిందేమిటో చెప్పండి. ఓ మూల పడుండటం తప్ప దేనికీ పనికిరాలేదు. ఇంకోచోట నాకు విలువిస్తున్నారు. ఇవాళే తెంచేసుకుందామని."

కాసేపు ఆగి, అవతలివాళ్ళు ఏదో అడిగినట్టున్నారు, "మా ఆయనకా? చెప్పలేదండీ. చెప్పినా పట్టించుకోడు" అంది.

లోవెల్ సాక్సుల సంగతి మరిచిపోయి, వచ్చిన మెట్లే మళ్ళీ ఎక్కాడు. అతను కాస్త నిలబడి ఉంటే మిగతా సగం కూడా వినిపించేది. టెరెన్స్ ఆమెను వదల్లేదు. ఒక్కసారైనా గడువు దాటించని మనిషిని పోగొట్టుకోవడం తమకు చాలా బాధగా ఉంటుందన్నాడు. ఇన్నేళ్ళ అనుబంధాన్ని ఒక్క పూటలో తెంచుకోవద్దన్నాడు. "మీరు ఉండిపోవాలంటే మేమేం చెయ్యాలో చెప్పండి మేడమ్" అని బతిమాలి, రుసుము కూడా మాఫీ చేస్తామన్నాడు. ఆ ప్రశ్న కొరీన్‌ను ఎవరూ అడిగి ఎరగరు. సోమవారం చెబుతానని ఫోన్ పెట్టేసి, తడి బట్టలు డ్రయర్‌లో వేసుకుంటూ రెండుసార్లు తనలో తాను నవ్వుకుంది.

ఆమె పైకి వచ్చేసరికి లోవెల్ లేడు. లోవెల్ ట్రక్కు లేదు, ట్రక్కు వెనక తగిలించుకునే పడవా లేదు. చేపలకు వెళ్ళాడనుకుంది.

అతను వెళ్ళింది తమ్ముడి దగ్గరికి. డ్వేన్ అంతా విని, ఇలాంటి వ్యవహారాల్లో ముందు కదిలినవాడిదే పైచేయి అన్నాడు. ఆ మాట అతను రెండు పెళ్ళిళ్ళూ పోగొట్టుకుని నేర్చుకున్నది. అతని సలహా ప్రకారం లోవెల్ ఆ పూటే ఉమ్మడి ఖాతాలోంచి సగానికి కొంచెం ఎక్కువే తీసి వేరే బ్యాంకులో వేశాడు. నది ఒడ్డున అద్దెకిచ్చే ఓ ఇంటికి బయానా ఇచ్చాడు. ఈలోగా డ్వేన్ ఊరుకోలేక, కొలంబస్‌లో నర్సుగా పనిచేస్తున్న అన్న కూతురు కెల్సీకి సందేశం పెట్టాడు. చర్చి పాస్టర్ గారింటికీ కబురు చేశాడు.

మధ్యాహ్నానికి పాస్టర్ గారి భార్య ఆర్లీన్ ట్యూనా చేపా నూడుల్సూ కలిపి ఓవెన్‌లో పెట్టిన గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎవరైనా పోయిన ఇంటికీ, ఆపరేషన్ అయిన ఇంటికీ ఆమె తెచ్చేది అదే గిన్నె. మా ఇంట్లో ఎవరికేమైందా అని కొరీన్ ఆలోచనలో పడింది.

"డ్వేన్ చెప్పాడమ్మా" అంది ఆర్లీన్, ఆమె చెయ్యి పట్టుకుని. "ఇన్నేళ్ళ బంధం. తెంచుకునే ముందు బాగా ఆలోచించావా?"

కార్డు గురించి ఊరంతా ఇంత పట్టింపుగా ఉండటం కొరీన్‌కు వింతగా తోచింది. కానీ పొద్దున టెరెన్స్ కూడా అచ్చం ఇలాగే మాట్లాడాడు.

"ఇంకా తేల్చుకోలేదండీ. సోమవారం దాకా టైమిచ్చారు. చాలా బతిమాలారు, పాపం."

"బతిమాలారా? లోవెల్ గురించి నేను వేరేగా అనుకున్నాను" అని ఆర్లీన్ కళ్ళు తుడుచుకుంది. ఆ మాటలో లోవెల్ ఎందుకొచ్చాడో కొరీన్‌కు అర్థం కాలేదు. అడిగేలోపే ఆర్లీన్ గొంతు తగ్గించి, "మరి ఆ రెండో సంగతో?" అంది.

"కొత్తదా? అదీ ఉంటుంది. రోజూ వాడుకోడానికి కొత్తది, పేరుకి పాతది. రెండూ ఉంచుకుంటే తప్పేం లేదని మా మరిదే చెప్పాడు."

ఆర్లీన్ గిన్నె కింద పెట్టి, ఎవరింటికో వెళ్ళాల్సిన పని గుర్తొచ్చిందని చెప్పి వెళ్ళిపోయింది. మర్నాడు ఆదివారం ప్రార్థనలో తన పేరు ఎంతసేపు నలగబోతోందో కొరీన్‌కు అప్పటికి తెలియదు.

ఆ తరవాత కెల్సీ ఫోన్ చేసింది. తల్లి హలో అనకముందే, బాబాయి అంతా చెప్పాడనీ, తనకేమీ కోపం లేదనీ అంది. "మంచి పని చేశావమ్మా. పదేళ్ళ కిందటే చెయ్యాల్సింది" అంది.

"రుసుము తక్కువే కదే, అందుకని పట్టించుకోలేదు" అంది కొరీన్.

"ఏం రుసుము?"

"కార్డుది."

కెల్సీ నెమ్మదిగా అడిగింది. "అయితే నువ్వు నాన్నని వదిలెయ్యట్లేదా?" ఆ గొంతులో ఉన్నది నిరాశ. దాన్ని కొరీన్ గుర్తుపట్టింది కానీ, అప్పటికి దాని జోలికి పోలేదు.

సంగతంతా కూతురి నోట విన్నాక ఆమెకు ముందు నవ్వే వచ్చింది. లోవెల్ ఎంత అల్లాడిపోయి ఉంటాడో అనుకుంది. ఆ తలపు ఆమెకు కొంచెం తియ్యగా కూడా ఉంది. దారిలో బేకరీ దగ్గర ఆగి, అతనికి ఇష్టమని జామ్ పెట్టిన డోనట్లు కొని, డ్వేన్ ఇంటికి వెళ్ళింది.

అన్నదమ్ములిద్దరూ గరాజ్‌లో ఉన్నారు. లోవెల్ పడవ మీద కూర్చుని బీరు తాగుతున్నాడు. అంత కులాసాగా అతను కూర్చోవడం ఆమె చూసి చాలాకాలమైంది. భార్యను చూడగానే లేచి, పడవ మాత్రం ఇవ్వనన్నాడు. ఇల్లు ఎలాగూ ఆమె తండ్రి ఇచ్చింది కనక దాని మీద తనకు ఆశ లేదన్నాడు. గొడవ లేకుండా పెద్దమనుషుల్లా తేల్చుకుందామన్నాడు. కొరీన్ డోనట్ల పెట్టె పట్టుకునే, తను మాట్లాడింది క్రెడిట్ కార్డు గురించి అని చెప్పింది.

డ్వేన్ పడీపడీ నవ్వాడు. లోవెల్ నవ్వలేదు. వాన వచ్చి చేపల ప్రయాణం ఆగిపోయిన రోజున అతని ముఖం ఎలా ఉంటుందో, ఇప్పుడు అలా ఉంది.

"మెట్ల మీద ఉన్నావు కదా. ఇంకో నాలుగు మెట్లు దిగి నన్నడిగితే ఏం పోయేది?" అంది కొరీన్.

లోవెల్ బీరు సీసా మీది కాగితం గోటితో గీకుతూ నిలబడ్డాడు.

"ఏమంటావో అని."

"ఏమంటానని భయం?"

"ఉండిపోతానంటావేమోనని."

డ్వేన్ నవ్వు ఆగిపోయింది. అతను ఎన్నడూ లేనిది, ఏ సలహా ఇవ్వకుండా ఇంట్లోకి వెళ్ళిపోయాడు. కొరీన్ డోనట్ల పెట్టెను పడవ అంచు మీద పెట్టింది. ఒక నిమిషం ఆగి, ఒకటి తీసుకుని తింటూ బయటికి నడిచింది. తియ్యదనం తెలియలేదు. కారులో కూర్చున్నాక, ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. వచ్చింది కానీ, అనుకున్నంత రాలేదు. దానికి ఇంకొంచెం ఏడ్చింది.

సోమవారం కార్డు కంపెనీకి ఫోన్ చేస్తే టెరెన్స్ కాదు, ఎవరో ఆడమనిషి పలికింది. ఆమె కూడా, ఒక్కసారైనా గడువు దాటించని మనిషిని పోగొట్టుకోవడం తమకు చాలా బాధగా ఉంటుందంది. ఇన్నేళ్ళ అనుబంధమంది. మాట పొల్లుపోకుండా అంది. ఎదురుగా పెట్టుకుని చదువుతున్నారని కొరీన్‌కు తెలిసిపోయింది. చదివితేనేం, ఉండమన్నారు. ఉంచుకుంటానని చెప్పి, అదే ఫోన్‌లో ఇంకో పని కూడా అప్పగించింది. తన కార్డులన్నిటికీ లోవెల్ పేరు తోకలా తగిలించి ఉండేది. ముందు ఈ కార్డులోంచి, తరవాత మిగతావాళ్ళకూ ఫోన్ చేసి అన్నిట్లోంచీ తీయించేసింది.

విడాకులు పెద్ద గొడవేమీ లేకుండానే అయిపోయాయి. పడవ లోవెల్‌కు వెళ్ళింది. నది ఒడ్డున బయానా ఇచ్చిన ఇంటివాళ్ళు మాత్రం అతని స్కోరు చూడబోతే ఏమీ కనబడక వెనక్కి తగ్గారు. పుట్టి బుద్ధెరిగాక అతను తన పేరున ఒక్క అప్పూ తీసుకోలేదు. ఇల్లు మామగారిది, ట్రక్కు రొక్కమిచ్చి కొన్నది, కార్డులు భార్యవి, వాటిలోంచీ పేరు పోయింది. యాభై నాలుగేళ్ళు దాటాక ఆ పెద్దమనిషి, చదువుకునే పిల్లలు తీసుకునే మొదటి కార్డు కోసం అర్జీ పెట్టుకోవలసి వచ్చింది. జవాబు పాత చిరునామాకు వచ్చింది. కవరు మీద పేరు చూసుకోకుండా చించేసి, కొరీన్ వంటింట్లో నిలబడి చదివింది.

అతను ఎలాంటివాడో చెప్పడానికి తమ దగ్గర ఏ ఆధారమూ లేదు కనక నమ్మలేకపోతున్నామని రాశారు. కార్డు కంపెనీవాళ్ళు అంత తెలివైనవాళ్ళని కొరీన్ అంతవరకూ అనుకోలేదు.