గోడెక్కిన అధ్యక్షుడు

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ కలిసి ఒక కౌన్సిల్ పెట్టుకున్నాయి. కౌన్సిల్ అన్నాక హాలు ఉండాలి కాబట్టి కొండ కింద గుహని హాలు చేసుకున్నాయి. హాలు అన్నాక కుర్చీ, కుర్చీ అన్నాక అధ్యక్షుడు, అధ్యక్షుడు అన్నాక వెనక గోడ మీద ఆయన బొమ్మ. ఈ వరసలో పని అనేది ఎక్కడొస్తుందని మాత్రం నన్నడక్కండి.

ఆ అడవిలో ఓటంటే చింతగింజ. ఎన్నికల రోజు పోటీదారులంతా హాల్లో నిలబడతారు. ఓటర్లు ఒక్కొక్కరే వచ్చి, నచ్చినవాడి కాళ్ల దగ్గర గింజ పెట్టి పోవాలి. అంత తేలిక.

ఇంతకుముందు అధ్యక్షుడిగా ఉన్నది అడవిపంది. అది వడ్రంగిపిట్ట కొట్టుకెళ్లి, చెక్క మీద చెక్కి రంగులేసిన తన బొమ్మ కొనుక్కొచ్చింది. కొట్లో చూసినప్పుడు బొమ్మ రాజసంగానే ఉంది. తీసుకొచ్చి గోడకి తగిలించారు. వానలు పడ్డాయి. గుహ పైకప్పులోంచి ఒక నీటి ధార దిగి, సరిగ్గా బొమ్మ ముక్కు మీదుగా కారడం మొదలెట్టింది. రెండు నెలలపాటు అధ్యక్షుడి ముక్కు ఆగకుండా కారింది. కోతిపిల్లలు సభ మధ్యలో ఆకు తెచ్చి తుడిచి పోయేవి. ఎన్నికల రోజు పందికి దాని సొంత ఓటు కూడా పడలేదు. బొమ్మ వంక చూసి నవ్వాపుకోలేక చేతిలో గింజ మింగేసిందట.

ఇప్పుడు కుర్చీలో ఉన్నది ఎలుగుబంటి. మంచిదే. మనసులో మాట దాచుకోవడం చేతకాదు, తేనె దాచుకోవడం బాగా వచ్చు. కుర్చీ ఎక్కకముందు దాన్ని అడవిలో అందరూ "ఒరే బొచ్చుగా" అని పిలిచేవాళ్లు. కుర్చీ ఎక్కిన మర్నాటి నుంచి "అయ్యా" అంటున్నారు. ఆ 'అయ్యా' కోసమే అది బతుకుతోంది. మరో నెలలో ఎన్నికలు. ఎదురు నిలబడుతున్నది అడవిదున్న. ఓడిపోతే మళ్లీ బొచ్చుగాడే.

"గోడ మీద నా బొమ్మ ఉంటే, వచ్చిపోయే ప్రతివాడి కళ్లలోనూ నేనే ఉంటాను" అంది ఎలుగుబంటి, సెక్రటరీ ముంగిసతో.

"చిత్తం" అని ముంగిస పుస్తకంలో రాసుకుంది. అది రాయని మాట లేదు, చేసిన పని లేదు.

ఇద్దరూ వడ్రంగిపిట్ట కొట్టుకెళ్లారు. ఎలుగుబంటి బొమ్మ అప్పటికే సిద్ధంగా ఉంది. ఎన్నికలొస్తున్నాయంటే ఎవరి బొమ్మ అమ్ముడవుతుందో ఆ పిట్టకి తెలియదూ!

"బాగానే ఉంది కానీ, గోడ మీద ఎలా ఉంటుందో!" అని ఎలుగుబంటి గొణిగింది. "ఒకసారి తీసుకెళ్లి తగిలించి చూసి, నచ్చకపోతే తిరిగిచ్చేస్తాం."

"మీ చేతులకి తేనె లేని రోజుందా అయ్యా?" అంది వడ్రంగిపిట్ట. "గడప దాటిన సరుకు వాపసు లేదు. పందిగారినడగండి."

పంది పేరు వినగానే ఎలుగుబంటికి ముక్కు తడిసినట్టనిపించింది. పంజాతో తుడుచుకుని, బొమ్మ కొనకుండానే వచ్చేసింది.

సంగతి సాయంత్రానికల్లా అడవంతా పాకింది. మర్నాడు పొద్దున్నే ఊసరవెల్లుల సంఘం పెద్ద సువర్ణమ్మ హాలుకొచ్చింది. ఒక కన్నుతో ఎలుగుబంటిని, ఇంకో కన్నుతో ముంగిసని చూస్తూ నమస్కారం పెట్టింది.

"అయ్యా, మా వాళ్లు అరవైమంది ఉన్నారు. తమరి బొమ్మ ఎలా ఉంటుందో ఆ ప్రకారం గోడ మీద సర్దుకుంటాం. ఎవరికి కావలసిన రంగు వాళ్లు తెచ్చుకుంటాం. తమరు కుర్చీలో కూర్చుని తీరిగ్గా చూసుకోండి. నచ్చితే అప్పుడే కొనుక్కోండి."

"దీనికి మీకేమివ్వాలి?"

"ఈ హాల్లో ఈగలున్నాయి కదండీ, అవి చాలు."

ఊరికే వస్తుందంటే ఏ అధ్యక్షుడు కాదంటాడు? ఎలుగుబంటి సంబరంగా చప్పట్లు కొట్టింది.

ఊసరవెల్లి నడక మీకు తెలిసిందే. ఒక అడుగు ముందుకి, అర అడుగు వెనక్కి, మధ్యలో ఆలోచన. అరవై ఊసరవెల్లులు గోడెక్కేసరికి మధ్యాహ్నమైంది. మొదట చెవి గడ్డం మీదికొచ్చింది. తర్వాత రెండు కళ్లూ ఒకే పక్కకి చేరాయి. "నువ్వు పుట్టుమచ్చవి, అక్కడెందుకున్నావు, దిగు!" అని సువర్ణమ్మ కింద నుంచి అరిచింది. చివరికి అన్నీ కుదురుకుని, ఒక్కసారిగా రంగు మార్చాయి.

గోడ మీద నిలువెత్తు ఎలుగుబంటి వెలిసింది!

హాల్లో అందరూ ఆహా అన్నారు. బొమ్మ ఎడమకన్ను నాలుక చాపి ఒక ఈగని పట్టుకుంది. "జీవకళ ఉట్టిపడుతోంది" అంది ముంగిస.

"ముక్కు కాస్త తగ్గించొచ్చా?" అని ఎలుగుబంటి సిగ్గుపడుతూ అడిగింది.

నడిమధ్యనున్న నాలుగు ఊసరవెల్లులు దగ్గరికి జరిగాయి. ముక్కు తగ్గింది.

"నడుం?"

పక్కల నుంచి ఆరు దిగాయి. నడుం సన్నబడింది.

"దిగినవాళ్లని ఊరికే పోనివ్వడం దేనికి? భుజాల మీద వేయండి."

వడ్రంగిపిట్ట గుమ్మంలో వాలి చూసింది. "నేను చెక్కింది ఈ బొమ్మ కాదండీ" అంది. "నేను చెక్కింది మిమ్మల్ని."

"అయితే మేం చెప్పేదాకా ఆగు" అంది ఎలుగుబంటి. "ఇంకా చూసుకుంటున్నాం."

అలా వారం రోజులు చూసుకున్నారు. రోజుకో మార్పు. ఒకరోజు నవ్వు ముఖం, ఒకరోజు గంభీరం, ఒకరోజు దూరంగా కొండల వైపు చూస్తూ అడవి భవిష్యత్తు గురించి ఆలోచిస్తున్నట్టు. కొనడం మాట అందరూ మర్చిపోయారు. కొంటే ఒక్క బొమ్మే, చూసుకుంటూ ఉంటే రోజుకొకటి!

ఎనిమిదో రోజు అడవిదున్న హాలుకొచ్చింది. వెంట ఓ పాతికమంది. దున్న నిలబడి గోడ వంక చూసిందంతే. దాని ఒళ్లు, దాని కొమ్ములు చూసేసరికి బొమ్మ నెత్తి మీదున్న రెండు ఊసరవెల్లులకి కాళ్లు నిలవలేదు. అవి మెల్లగా పైకి పాకాయి.

"అవేమిటి?" అంది ఎలుగుబంటి.

"కిరీటమండీ" అంది సువర్ణమ్మ తడుముకోకుండా. "కిరీటంతో ఎలా ఉంటుందో చూపిస్తున్నాం."

"రెండు వైపులా వంకర తిరిగిందేం?"

"ఇప్పుడన్నీ అలాగే వస్తున్నాయండీ."

"కిరీటం, వంకర, ఆమోదించడమైనది" అని ముంగిస రాసుకుంది.

కానీ చూసినవాళ్లు గుడ్డివాళ్లు కారు. బయటికి రాగానే ముళ్లపంది కుందేలు చెవిలో, "అధ్యక్షుడి గోడ మీదే దున్న కొమ్ములు మొలిచాయంటే ఇక అర్థం చేసుకో. గాలి మారింది" అంది. ఆ సాయంత్రం ఇంకో యాభైమంది దున్న వెంట చేరారు. మర్నాడు వాళ్లంతా హాలుకొచ్చారు. వాళ్లని చూసి బొమ్మకి మెడ బలిసింది.

ఎలుగుబంటి దాచుకున్న తేనె మొత్తం బయటికి తీసి విందు ఇచ్చింది. తేనె నాకుతూ అందరూ "అయ్యా, అయ్యా" అన్నారు. గోడ మీద కొమ్ములు పొట్టివయ్యాయి. "ఎలుగే మళ్లీ" అంది ముళ్లపంది. మర్నాడు దున్న పచ్చగడ్డి విందు ఇచ్చింది. కొమ్ములు మళ్లీ పెరిగాయి. "నేను ముందే అన్నానా లేదా!" అంది అదే ముళ్లపంది.

అడవిలో పలకరింపులే మారిపోయాయి. "తిన్నావా?" అని ఎవరూ అడగడం లేదు. "గోడేమంటోంది?" అంటున్నారు. ఎవరికి ఓటెయ్యాలో గోడని చూసి జంతువులు తేల్చుకుంటున్నాయి. ఏ రంగు వెయ్యాలో జంతువులని చూసి ఊసరవెల్లులు తేల్చుకుంటున్నాయి. ఎవరూ దేన్నీ తేల్చడం లేదు, కానీ అందరికీ ఊపిరాడనంత హడావిడి!

"ఇలా కాదు" అంది ఎలుగుబంటి. "హాలు మూసెయ్. నేను తప్ప ఎవరూ గోడ ముందుకి రాకూడదు. నన్నొక్కడినే చూస్తుంటే ఇంకెవరి బొమ్మ వేస్తారు?"

"చిత్తం" అంది ముంగిస.

ఎన్నికలకి ముందు మూడు రోజులు హాలు మూసేశారు. కుర్చీ గోడ వైపు తిప్పుకుని ఎలుగుబంటి ఒక్కటే కూర్చుంది. ఊరికే కూర్చోలేదు, బుర్రలో ఉన్నదంతా పైకి అంటూనే ఉంది. "ఆ దున్న నడక చూశావా? ఆ దున్న కొమ్ములు చూశావా? దున్నకి తేనెకీ గడ్డికీ తేడా తెలుసా? దున్న, దున్న, దున్న!" ముంగిస తల ఊపుతూ రాసుకుంటోంది.

మూడో రోజు మధ్యాహ్నానికి గోడ మీద కొమ్ము నుంచి డెక్క దాకా నిఖార్సయిన అడవిదున్న నిలబడి ఉంది.

ఎలుగుబంటి కుర్చీలోంచి దబ్బున కింద పడింది. "సువర్ణమ్మా! ఏమిటిది? ఇక్కడ నేను తప్ప ఎవరున్నారు?"

"మూడు రోజులుగా తమరి నోట వేరే పేరు రాలేదండీ" అంది సువర్ణమ్మ వినయంగా. "తమకంత ఇష్టమేమో అనుకున్నాం."

ఎలుగుబంటి ఇంక ఆగలేదు. నాలుగు కాళ్ల మీద పరుగెత్తి వడ్రంగిపిట్ట కొట్టు ముందు పడింది. రేపే ఎన్నికలు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "నా బొమ్మ ఇచ్చెయ్. నువ్వు చెక్కిందే కావాలి. లావు ముక్కుదే, లావు నడుందే. నేనే కావాలి నాకు."

వడ్రంగిపిట్టకి పాపం అనిపించింది. "నిన్ననే కుందేలు పట్టుకెళ్లింది అయ్యా. వాళ్ల బొరియకి తలుపు కావాలట. ఎలా ఉంటుందో చూడనైనా చూడలేదు, కొలత చూసుకుని కొనేసింది. అతికినట్టు సరిపోయింది."

మర్నాడు ఎన్నికలు. హాలు తెరిచారు. ఒక పక్క ఎలుగుబంటి, ఒక పక్క అడవిదున్న నిలబడ్డాయి. అడవి అడవంతా గింజలు పట్టుకుని ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చింది.

పాపం ఊసరవెల్లులు! ఎవరిని చూడాలి? ఒక్కొక్కదానికి రెండు కళ్లు, రెండూ రెండు వైపులు. కుందేలు ముందుకొస్తే చెవులు పెరుగుతున్నాయి. నెమలి వస్తే తోక పురివిప్పుతోంది. ముళ్లపంది వస్తే వీపంతా ముళ్లు లేస్తున్నాయి. చారలు, మచ్చలు, తొండం, జూలు! గోడ గిర్రున తిరుగుతోంది. చూసేవాళ్లకి కళ్లు తిరుగుతున్నాయి, అయినా చూపు తిప్పుకోలేకపోతున్నారు.

"అరె, మనవాడిలా ఉన్నాడే!" అంది కుందేలు.

"చెవులు చూసి మోసపోకు, వీపు చూడు. అచ్చం మా మేనమామ" అంది ముళ్లపంది.

"ఇంతకాలానికి మా కులంవాడు ఒకడు పైకొచ్చాడు" అని నెమలి కళ్లొత్తుకుంది.

ఒక్కొక్కరే వచ్చి గోడ కింద గింజ పెట్టి, దణ్ణం పెట్టి పోయారు.

సాయంత్రం ముంగిస లెక్కపెట్టింది. ఎలుగుబంటి కాళ్ల దగ్గర ఒకటిన్నర. దున్న కాళ్ల దగ్గర ఒకటిన్నర. ఎవరి గింజ వాళ్లు వేసుకున్నారు. ఆ అరలు రెండూ ముంగిసవి, గింజని పంటితో రెండుగా కొరికి ఇద్దరికీ న్యాయం చేసింది. మిగతావన్నీ గోడ కింద గుట్టగా ఉన్నాయి.

"చెల్లవు!" అని ఎలుగుబంటీ దున్నా మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డాయి.

ముంగిస నిబంధనల పుస్తకం తిరగేసింది. "హాల్లో నిలబడినవారి కాళ్ల దగ్గర అని ఉంది. వీళ్లూ నిలబడే ఉన్నారు. గోడ మీద నిలబడకూడదని ఎక్కడా లేదు."

"మేం ఊరికే చూపించడానికి వచ్చామండీ!" అంది సువర్ణమ్మ. "మాకు చేతనైంది అదొక్కటే."

"చూపించడం చేతనైతే చాలు" అన్నాయి జంతువులు. డప్పులు మోగాయి, దండలు పడ్డాయి. అరవైమంది ఊసరవెల్లులూ కలిసి ఒక్క అధ్యక్షుడిగా గోడ మీదే ప్రమాణం చేశారు.

సంబరం ముగిసింది. అందరూ ఇళ్లకి పోయారు. హాల్లో చూడటానికి ఎవరూ మిగల్లేదు. అప్పుడు ఆ అరవైమందీ, తమ ముందు ఏమీ లేదు కాబట్టి, తమ కింద ఉన్న గోడ రంగులోకి మారిపోయారు.

అధ్యక్షులయ్యాక ఇంకెవరి కోసం రంగు మార్చాలి? అప్పటి నుంచి అర్జీ పట్టుకుని వచ్చినవాళ్లకి హాల్లో ఒక గోడ కనిపిస్తుంది. "అధ్యక్షులవారున్నారా?" అంటే, "ఉన్నాం, చెప్పండి" అని ఎక్కడినుంచో వినిపిస్తుంది. చెప్పింది విన్నాక, "చూద్దాం" అని కూడా వినిపిస్తుంది. ఈగలు మాత్రం బాగా తగ్గాయి, అది ఒప్పుకోవాలి.

ఒకరోజు ఎలుగుబంటి వచ్చింది. కుర్చీ వైపు చూడలేదు. గోడ ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"సువర్ణమ్మా, కుర్చీ అడగడానికి రాలేదు. ఒక్కసారి, ఒక్క నిమిషం నా బొమ్మ చూపించు. మొదటిరోజు వేసిందే. ముక్కు తగ్గించకముందుది."

గోడ చాలా మర్యాదగా అడిగింది.

"తమరెవరండీ?"

నీతి: ఎన్నికల ముందు కనిపించినవాడు తర్వాత కనిపించడం లేదని ఏడవకండి, ముందు కనిపించింది కూడా మీరే.