వెళ్ళే రెక్కలు, ఉండే రెక్కలు

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెట్టడం ఆనవాయితీ గానీ, ఈ అడవి పెద్దదేమీ కాదు. లెబనాన్ కొండల వాలులో, ఇటు సముద్రం, అటు మంచు శిఖరం, మధ్యలో దేవదారు చెట్లు. పొద్దున్నే బయల్దేరిన కాకి భోజనం వేళకు అవతలి అంచు చేరుకుంటుంది. అయితే అక్కడివాళ్ళ ముందు ఈ మాట అనకండి. లోకంలో ఉన్న అడవులన్నీ తమ అడవి రాల్చిన గింజల నుంచే మొలిచాయని వాళ్ళ నమ్మకం.

ఆ అడవిలో నసీబ్ అనే కొంగ ఉండేవాడు. ఉండేవాడు అంటే వేసవిలో ఉండేవాడు. చలికాలమంతా దక్షిణాన ఒక మహానది పక్క బురదనేలల్లో గడిపేవాడు. ఎర్రటి పొడుగు కాళ్ళు, మంచి మనసు, అవసరానికి మించి మాటలు. అతనికి కావలసింది ఒక్కటే. వర్దా అనే కొంగపిల్లను పెళ్ళాడాలి. అదీ పరాయి చోట కాదు, పుట్టిన అడవిలో, ఊట గట్టున, అయినవాళ్ళందరూ చూస్తుండగా. వర్దాకూ ఇష్టమే. అతనూ కొంగే, ఆమె కూడా కొంగే. ఇంక అడ్డేముంది?

పెళ్ళిళ్ళు రాసే ముంగిస బెరడు దస్తరం విప్పి, వేలు పెట్టి వెతికింది.

"వరుడు గిట్టల వర్గం. వధువు డిప్పల వర్గం. గిట్టకూ డిప్పకూ ఈ అడవిలో పెళ్ళి లేదు. తర్వాత ఎవరు?"

నసీబ్ తన కాళ్ళు చూసుకున్నాడు. "నాకు గిట్టలెక్కడున్నాయండీ?"

"దస్తరంలో ఉన్నాయి."

"ఈ పిల్లకు డిప్ప ఉందా? మీరే చూడండి."

"చూడ్డం నా పని కాదు నాయనా. చదవడమే నా పని," అంది ముంగిస.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. ఆ అడవిలో ఒకే ఒక్కసారి జనాభా లెక్క తీశారు. ఎప్పుడో తాతల కాలంలో, ఒక చలికాలంలో తీశారు. గిట్టలవాళ్ళు ఎందరు, పంజాలవాళ్ళు ఎందరు, డిప్పలవాళ్ళు ఎందరు అని రాసుకున్నారు. చలికాలం కాబట్టి వలస పక్షులు ఊళ్ళో లేవు, ఖాళీ గూళ్ళు ఉన్నాయి. గూటిని వదిలేస్తే లెక్క తప్పుతుంది కదా. అందుకని ఏ గూటి కింద ఏ జంతువు పడుకుని ఉంటే ఆ గూడు ఆ వర్గానిదని రాసేశారు. నసీబ్ తాత గూటి కింద ఒక మేక నెమరు వేస్తోంది. వర్దా తాతమ్మ గూటి కింద ఒక తాబేలు నిద్రపోతోంది. అంతే సంగతి.

ఆ లెక్క మీదే పదవులు పంచుకున్నారు. సభలో కుర్చీ గిట్టలది. గంట పంజాలది. తలుపు డిప్పలది. తలుపు తీస్తే గానీ సభ లేదు, గంట కొడితే గానీ సభ మొదలు కాదు, కుర్చీలో ఎవరైనా కూర్చుంటే గానీ ఏదీ నిర్ణయం కాదు. ఎవరికీ అన్యాయం జరగకూడదని చేసిన ఏర్పాటు. దానివల్ల ఎవరికీ ఏమీ జరగడం లేదు.

"మరి మళ్ళీ లెక్క తీయొచ్చుగా?" అన్నాడు నసీబ్.

ముంగిస అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అలాంటి మాటలు అనకు. లెక్క తీయాలంటే కుర్చీ ఆర్డరు ఇవ్వాలి. కుర్చీ రెండేళ్ళుగా ఖాళీ."

నిజమే. ఆ రాతి కుర్చీ మీద గడ్డి మొలిచింది. కుర్చీకి పోటీపడే మేకలు నలుగురు. ఆ నలుగురూ వంతులవారీగా వచ్చి ఆ గడ్డి మేసి పోతున్నారు గానీ కూర్చోవడం లేదు. ఎన్నిక పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు గెలిచేటట్టు కనబడగానే తాబేళ్ళు వాకౌట్ చేసేవారు. వాకౌట్ పూర్తయ్యేసరికి మూడు రోజులు పట్టేది. వాళ్ళందరూ బయటికి వెళ్ళేదాకా సభ మర్యాదగా లేచి నిలబడేది.

శరత్కాలం వచ్చింది. కొంగలు బయల్దేరే వేళయింది.

"నువ్వు ఈసారి ఇక్కడే ఉండు వర్దా," అన్నాడు నసీబ్. "మన పెళ్ళి అర్జీకి పదిహేను ముద్రలు కావాలట. దగ్గరుండి వేయించు. నేను అక్కడ మనవాళ్ళందరినీ కూడగడతాను. వసంతానికి నలభై వేల రెక్కలతో దిగుతాను. చూద్దాం, లెక్క ఎలా తీయరో!"

"మంచులో నేనా?"

"ఒక్క చలికాలమే కదా."

"ఆ ఒక్కటీ నువ్వుండి నేను వెళ్ళొచ్చుగా?"

"నాకు ఉపన్యాసం చెప్పడం వచ్చు. నీకు ఓపిక ఉంది. ఎవరికి వచ్చింది వాళ్ళు చేయాలి."

వర్దా నవ్వింది. "సరే. కానీ విను. వచ్చే వసంతంలో నేను గూట్లో గుడ్లు పెట్టాలి. ఆ పై వసంతం అంటే నా వల్ల కాదు."

దక్షిణాన బురదనేలల్లో కొంగలు వారానికోసారి కలిసేవి. ఆ సమావేశాలు చూసి తీరాలి. ముందుగా అందరూ కలిసి ఏడ్చేవారు. "ఇక్కడి కప్పలో ఏముంది? మన ఊట కప్ప కొరికితే అడవి వాము వాసన వచ్చేది," అని ఒకరు, "ఆ మంచుగాలి!" అని ఇంకొకరు. మంచుగాలి తగలకముందే పారిపోయి వచ్చినవాళ్ళే అందరూ. ఏడుపు అయ్యాక దెబ్బలాట. అక్కడి మేకలూ తాబేళ్ళూ కనీసం మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడైనా ఊరుకుంటారు. ఇక్కడి కొంగలు ఒంటికాలి మీద నిలబడి, మేకల తరఫున సగం మంది, తాబేళ్ళ తరఫున సగం మంది, పొద్దుగూకేదాకా అరుచుకునేవారు. ముగ్గురు కొంగలుంటే నాలుగు పార్టీలు.

నసీబ్ వాళ్ళ మధ్యకు దూకాడు. "మనకు గిట్టలున్నాయా? డిప్పలున్నాయా? మనవి రెక్కలు! మనం తెచ్చే ఖర్జూరాలు తిని వేసవి గడుపుకునే అడవిలో మనకు పేరైనా లేదు! వసంతంలో అందరం కలిసి వెళ్ళి అడుగుదాం, అప్పుడూ లెక్క తీయకపోతే ఆ పై ఏడాదికి ఒక్క పండు తేవొద్దు, ఒక్క రెక్క వాలొద్దు!"

చప్పట్లు మోగాయి. కొంగలు, వాన పిట్టలు, కంజు పిట్టలు, అందరూ ఒప్పుకున్నారు. మొదటిసారిగా ఒక సమావేశం దెబ్బలాట లేకుండా ముగిసింది. నసీబ్‌కు ఆ రాత్రి తన గొంతే చెవుల్లో మోగింది.

వసంతంలో నలభై వేల రెక్కలు అడవి మీద వాలేసరికి పట్టపగలు చీకటి పడింది. పెద్దలకు గుబులు పుట్టింది. గంట పెత్తనం చేసే ముసలి నక్క నసీబ్‌ను పక్కకు పిలిచింది.

"హబీబీ, లెక్క తీయమంటావు. తీస్తే ఏమవుతుంది? గిట్టలు తగ్గాయంటే మేకలు కొమ్ములు దించుతారు. డిప్పలు తగ్గాయంటే తలుపు పడిపోతుంది. గొడవలు నీకిష్టమా?"

"నాకు పెళ్ళి కావాలి. అంతే."

"అదీ మాట! దానికి లెక్క ఎందుకు? నాలుగో వర్గం పెట్టేస్తాం. రెక్కల వర్గం. సభలో మీకొక ఆసనం. నువ్వే నాయకుడివి. నీ పేరు, ఆ అమ్మాయి పేరు అందులోకి మార్చుకో. వచ్చే వారమే పెళ్ళి."

"మరి మిగతావాళ్ళ లెక్క?"

"ఆసనంలో కూర్చుని అడుగు. కింద నిలబడి అడిగితే ఎవరికి వినిపిస్తుంది?"

నసీబ్‌కు ఇది సబబుగానే తోచింది. ముందు ఆసనం, తర్వాత లెక్క. పైగా ఆ ఆసనం రాతి మీద నాచు మెత్తగా ఉంది. ఒకసారి కూర్చుని చూశాడు.

అప్పుడే ఒక ముసలి కాకి వచ్చి ఎదురుగా వాలింది. వెనకాల చెట్ల నిండా కాకులే.

"శుభం నసీబ్ అన్నా! రెక్కల వర్గం అంటే మేమూ ఉన్నట్టే కదా. మావాళ్ళు అరవై వేలు. నాయకుణ్ణి ఎన్నుకుందామా?"

నసీబ్ ఆసనం మీద ఇంకాస్త సర్దుకుని కూర్చున్నాడు. "మేం దూరాన ఉన్నా మా మనసంతా ఇక్కడే ఉంటుంది. ఈ ఉద్యమం మాది."

"మనసు మీ దగ్గరే పెట్టుకోండన్నా. వచ్చే చలికాలం మంచు తవ్వడానికి ఒక నాలుగు ముక్కులు పంపండి చాలు," అంది కాకి.

చెట్లన్నీ గొల్లున నవ్వాయి. నసీబ్ నేరుగా నక్క దగ్గరికి పోయాడు. ఇద్దరూ కూర్చుని ఒక షరతు రాశారు. నక్క చెప్పింది తక్కువే. రాసిందంతా నసీబే, తన ముక్కుతో తనే. రెక్కల వర్గం రెండు రకాలు. ఏటా చలికాలం అడవి దాటేవి వెళ్ళే రెక్కలు. ఒక్క చలికాలమైనా అడవిలో గడిపినవి ఉండే రెక్కలు. ఆసనం వెళ్ళే రెక్కలది. ఉండే రెక్కలకు నాయకుణ్ణి ఏ చెట్టు మీద కూర్చోబెట్టాలన్నది తర్వాత ఆలోచిస్తారు. రెండు రకాలూ కలగాపులగం కాకుండా చూడాలి.

"భేష్! ఇంత చక్కగా మా తాతలు కూడా రాయలేదు," అంది నక్క.

తాబేళ్ళు తలుపు తీశారు. గంట మోగింది. ఆ ఒక్క పూటకని ఒక మేకను కుర్చీలో కూర్చోబెట్టారు. మూడేళ్ళలో మొదటి చట్టం, ఏకగ్రీవంగా, ఎవరూ వాకౌట్ చేయకుండా ప్యాసయింది. కంజులు కన్నీళ్ళు పెట్టుకున్నారు.

మర్నాడు నసీబ్ ఒళ్ళంతా దువ్వుకుని, వర్దాను వెంటపెట్టుకుని ముంగిస దగ్గరికి వెళ్ళాడు. వర్దా చిక్కిపోయింది. చలికాలమంతా ఆమె తలుపు ముందే నిలబడింది. తలుపు డిప్పలవాళ్ళది, డిప్పలవాళ్ళు చలికాలం నిద్రపోతారు. పదిహేను ముద్రల్లో పద్నాలుగు సంపాదించింది. ఒక కాలి వేలు మంచుకు కొరుక్కుపోయింది.

ముంగిస కొత్త బెరడు విప్పింది.

"వరుడు రెక్కల వర్గం, వెళ్ళే రకం. బాగుంది. అమ్మాయీ, పోయిన చలికాలం ఎక్కడున్నావు?"

"ఇక్కడే. నీ ఎదురుగానే. రోజూ నువ్వు రేపు రమ్మన్నావు."

"అయితే ఉండే రకం," అని రాసుకుంది ముంగిస. "వెళ్ళే రెక్కకూ ఉండే రెక్కకూ ఈ అడవిలో పెళ్ళి లేదు. తర్వాత ఎవరు?"

వర్దా నసీబ్ వైపు తిరిగింది. "ఈ తెలివిమాలిన షరతు రాసిందెవరు?"

నసీబ్ ముక్కు తుడుచుకున్నాడు. "కాకుల కోసం రాసింది. నీకు తగులుతుందని అనుకోలేదు."

"నీకోసం నేను మంచులో ఉన్న సంగతి మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. అంటే, రాసేటప్పుడు మర్చిపోయాను."

ఇప్పటికైనా దారి ఉందన్నాడు నసీబ్. షరతు సడలించమని వర్గ నాయకుడికి అర్జీ పెట్టుకోవచ్చు. నాయకుడు తనే. ఆసనం ముందు నిలబడి అర్జీ చదివాడు. తర్వాత ఎక్కి కూర్చుని అర్జీ పుచ్చుకున్నాడు. పైనుంచి చూస్తే సంగతి వేరుగా కనిపించింది. ఒక్క వర్దాకు సడలిస్తే అరవై వేల కాకులు అదే ద్వారంలోంచి వస్తాయి. ఇది అర్జీదారుకు ఎలా చెప్పడం? పరిశీలిస్తామన్నాడు. తనకు తనే నమస్కారం పెట్టుకుని దిగాడు.

"నసీబ్," అంది వర్దా, కోపం లేకుండానే. "సముద్రంలో ఎదురుగా ఒక దీవి ఉందట. అక్కడ ఎవరి కాళ్ళూ ఎవరూ చూడరట. రేపు పొద్దున్నే వెళ్తున్నాను. వస్తావా?"

"రేపటికి కుదరదు. నేను కదిలితే కాకులు ఆసనం ఎక్కుతాయి. చలికాలం దాకా ఆగు. కాదు, చలికాలం కూడా నేను కదలడానికి వీల్లేదేమో. చూడాలి."

"చూడు," అంది వర్దా. మర్నాడు పొద్దున్నే రెక్కలు చాచింది.

శరత్కాలంలో నలభై వేలూ వెళ్ళిపోయాయి. దీవిలో వర్దా మూడు గుడ్లు పెట్టిందనీ, మొగుడు పెద్దగా మాట్లాడని కొంగ అనీ పోతూ పోతూ ఒక కంజు పిట్ట చెప్పింది. వెళ్ళే రెక్కల నాయకుడు నసీబ్ ఆసనం మీద ముడుచుకుని కూర్చున్నాడు. నాచు మీద మంచు పడుతోంది. ముసలి కాకి వచ్చి ఎదురుగా వాలింది.

"అన్నా, ఈ చలికాలం ఇక్కడే గడిపితే నువ్వూ ఉండే రకమే అవుతావు. తెలుసా?"

"తెలుసు," అన్నాడు నసీబ్ పళ్ళు టకటకలాడిస్తూ, కొంగలకు పళ్ళు లేకపోయినా. "అందుకే లెక్క మాత్రం ఎవరూ తీయకుండా చూస్తున్నాను."

కాబట్టి అడవిని బాగుచేయదలచినవాడెవడైనా ముందు పెళ్ళి చేసుకుని ఆ తర్వాత బయల్దేరాలి.