కొండల సారు నీళ్ళసంచి

బుధవారం పొద్దున్న టెక్నీషియన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సారుగారి నీళ్ళసంచి శుభ్రంగా కడగాలి, ఆరబెట్టి ఆయన చేతికివ్వాలి, సెలవు కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి, ఆ తర్వాత పది రోజులు ఇంట్లో పడి నిద్రపోవాలి. ఊళ్ళు తిరిగే ఉద్దేశం లేదు, చుట్టాలను చూసే ఓపిక అసలే లేదు. నిద్ర కావాలి, అంతే. ఊళ్ళో ఉన్న మంచినీళ్ళ ట్యాంకులన్నీ ఏడాది పొడవునా ఎక్కి దిగి, సీసాల్లో నీళ్ళు పట్టి, పరీక్షశాలకు మోసి మోసి అతని మోకాళ్ళు అరిగిపోయాయి. సెలవు అడిగినప్పుడల్లా సారు "చూద్దాంలేవయ్యా" అనేవారు. ఆ చూడ్డం ఎప్పటికీ తెమలలేదు.

ఈ సారుగారు నీటి పరీక్షశాలకు పెద్ద ఆఫీసరు. ఆదివారం వస్తే చాలు, వీపుకు నీళ్ళసంచి తగిలించుకుని కొండలెక్కుతారు. అది మామూలు సంచి కాదు. లోపల మెత్తటి ప్లాస్టిక్ తిత్తి ఉంటుంది, దాన్నుంచి ఒక గొట్టం భుజం మీదుగా నోటి దగ్గరకొస్తుంది, నడుస్తూ నడుస్తూనే పీల్చుకు తాగొచ్చు. మిగతా ఆరు రోజులూ ఆ నడక గురించి ఆఫీసులో చెబుతారు. అందుకే వెనకాల అందరూ ఆయన్ను కొండల సారు అంటారు. ట్యాంకులో ఒక్క పాచిపోగు కనబడినా హోటళ్ళకు నోటీసులిచ్చే మనిషి. అంతటాయన కిందటి వారం టెక్నీషియన్ను పిలిచి, సంచి కొంచెం వాసనొస్తోందనీ, నీళ్ళ సంగతి తెలిసినవాడివి గనుక ఓసారి చూడమనీ, అది తెచ్చిచ్చాక సెలవు సంగతి తేల్చేద్దామనీ చెప్పారు. ఎప్పుడు కడిగారు సార్ అని అడిగితే ఆశ్చర్యపోయారు.

"కడగడమేంటయ్యా? అందులో నీళ్ళు తప్ప ఇంకేం పోయను కదా."

కొండ దిగి రాగానే మిగిలిన నీళ్ళతో సహా సంచిని గోడకు తగిలించేయడం, మళ్ళీ ఆదివారం దాని మీదే ఇంకొంచెం నింపుకుని బయల్దేరడం ఆయన పద్ధతి అని అప్పుడు తెలిసింది.

ఇంట్లో తిత్తి మూత తీయగానే టెక్నీషియన్ భార్య ముక్కు మూసుకుని వంటగది కిటికీ తెరిచింది. గొట్టం లోపల ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నల్లగా పాకి ఉంది. నోట్లో పెట్టుకునే రబ్బరు ముక్కను చూశాక ఆవిడ పొద్దుటి కాఫీ కూడా తాగలేకపోయింది. టెక్నీషియన్ మాత్రం చలించలేదు. పరీక్షశాలలో ఒక నియమం ఉంది. ఏ ట్యాంకు కడిగినా, కడగకముందు ఒక సీసా, కడిగాక ఒక సీసా నీళ్ళు పట్టి పరీక్షించాలి, రెండో సీసాకు టెక్నీషియన్ సంతకం కూడా ఉండాలి. ట్యాంకుకైతే ఒక న్యాయం, సంచికైతే ఒక న్యాయమా అనుకుని, ఆ గొట్టంలోని నీళ్ళు ఒక సీసాలో పట్టాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

సీసా పట్టుకుని ఆఫీసుకు బయల్దేరే ముందు భార్యకు అన్నీ చెప్పాడు. గోరువెచ్చని నీళ్ళలో వంటసోడా కలిపి తిత్తిలో నానబెట్టాలి, గొట్టం ఊడదీసి విడిగా తోమాలి, కడిగిన తర్వాత మూత తీసి బోర్లా వేలాడదీయాలి, లోపలి గోడలు అంటుకోకుండా ఒక చెక్క గరిటె దూర్చాలి. ఆవిడ విన్నది. పక్కనే కూరగాయలు తరుగుతున్న అత్తగారు కూడా విన్నది. ఆవిడ వినడమే ప్రమాదం.

ఆఫీసులో సీసా మీద చీటీ అంటించబోయి టెక్నీషియన్ ఆగిపోయాడు. ఏమని రాయాలి? పెద్ద ఆఫీసరు గారి సంచి అని రాస్తే సెలవు సంగతి దేవుడెరుగు, ఉద్యోగం సంగతి కూడా ఆలోచించుకోవాలి. ఏమీ రాయకుండా ట్రేలో ఓ మూల పెట్టాడు. భోజనాల వేళ అందరూ వెళ్ళాక గుట్టుగా తనే పరీక్షకు వేసుకుందామనుకున్నాడు. ఈలోగా ఇంటి నుంచి ఫోనొచ్చింది.

"ఏమండీ, మీరొక్కసారి వస్తారా? అమ్మ ఆ గొట్టంలో గుడ్డ దూర్చింది. అది రావట్లేదు."

పర్మిషన్ పెట్టి ఇంటికి పరిగెత్తాడు. జరిగింది ఇదీ. గొట్టంలోకి బ్రష్షు పట్టలేదు. అత్తగారు దారం చివర పాత చీర పీలిక ముడేసి, ఇటు నుంచి దూర్చి అటు నుంచి లాగింది. ఉపాయం మంచిదే. దారమే పాతది. పీలిక గొట్టానికి సరిగ్గా మధ్యలో ఉండగా అది తెగిపోయింది. ఇక రబ్బరు ముక్కను ఆవిడ అప్పటికే తళతళా తోమేసింది, పారేయాల్సిన బ్రష్షుతోనే తోమానని ధైర్యం కూడా చెప్పింది. చూస్తే అది టెక్నీషియన్ రోజూ పళ్ళు తోముకునే బ్రష్షు.

"అంత అరిగిపోయింది కదా అల్లుడుగారూ, పాతదే అనుకున్నాను," అంది ఆవిడ, తప్పు బ్రష్షుదే అన్నట్టు.

వేణ్ణీళ్ళలో నానబెట్టాడు, ఊదాడు, పొడిచాడు. ఆఖరికి సైకిలు పంపు గొట్టానికి బిగించి గట్టిగా కొట్టాడు. పీలిక బయటకొచ్చింది, దాని వెనకాల ఇన్నాళ్ళ నల్లటి జిగురంతా వచ్చింది. అదంతా కిందటి నెలే వెల్ల వేయించిన వంటగది గోడ మీద పడింది. భార్య గోడ వంక చూసింది, మొగుడి వంక చూసింది, సైకిలు పంపు తీసుకెళ్ళి వీధి గుమ్మం బయట పెట్టింది. అది చూసి టెక్నీషియన్ నిజంగా భయపడ్డాడు. ఆ తర్వాత బక్కెట్టు నీళ్ళలో కాస్త బ్లీచింగు ద్రావకం కలిపి, తిత్తినీ గొట్టాన్నీ ముంచి, వాసన పూర్తిగా పోయేదాకా మంచినీళ్ళతో మళ్ళీ మళ్ళీ జాడించి, తనే గరిటె దూర్చి వేలాడదీశాడు. అప్పటికి సాయంత్రమైపోయింది. సీసా సంగతి అతనికి గుర్తే లేదు.

అక్కడ ఆఫీసులో ఒక పాత అలవాటుంది. ప్రతి బుధవారం ఆఫీసు సొంత ట్యాంకు నీళ్ళు కూడా ఒక సీసా పరీక్షిస్తారు. మిగతా సీసాలన్నిటికీ చీటీలుంటాయి గనుక, చీటీ లేనిది మనదే అని లెక్క. ఆ సీసా పట్టాల్సిన అటెండరు ట్రేలో చీటీ లేని సీసా చూసి, ఎవరో పుణ్యాత్ములు తన పని చేసిపెట్టారనుకుని వెళ్ళి కూర్చున్నాడు. పరీక్షలు చేసే మేడమ్ వచ్చి దాన్ని తీసుకుని, పద్ధతి ప్రకారం పళ్ళెంలో వేసి, క్రిములుంటే పెరిగి కనబడేలా రాత్రంతా వెచ్చటి ఇంక్యుబేటర్లో పెట్టింది. ఆవిడ ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క సీసా కూడా తప్పుగా పరీక్షించలేదు. ఇది కూడా చాలా ఒప్పుగానే పరీక్షించింది.

గురువారం పొద్దున్న టెక్నీషియన్ శుభ్రమైన సంచిలో మంచినీళ్ళు నింపి, భుజాన వేసుకుని, నెలల తర్వాత కాస్త నవ్వు మొహంతో ఆఫీసుకొచ్చాడు. గేటు దగ్గరే జనం. కుళాయిలన్నిటికీ గుడ్డలు కట్టి ఉన్నాయి. క్యాంటీనుకు తాళం. మేడమ్ మెట్ల మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది.

"మన ట్యాంకేనండీ," అంది నీరసంగా. "పళ్ళెంలో ఇసకవేస్తే రాలనన్ని పురుగులు. మురిక్కాలవ నీళ్ళు కూడా ఇంతకన్నా మర్యాదగా ఉంటాయి. వారం రోజులుగా మనం తాగుతున్నది ఇదేనా అని నిన్నటి నుంచి తిన్నది ఒంటబట్టలేదు."

ఫలితం తెలిసింది ఈ పొద్దున్నే గదా, నిన్నటి నుంచి ఒంటబట్టకపోవడమేమిటని అడిగే స్థితిలో టెక్నీషియన్ లేడు. చీటీ లేని సీసా కళ్ళముందు కదిలింది. ఇప్పుడే చెప్పేద్దామని నోరు తెరిచేసరికి, కొండల సారు కడుపు పట్టుకుని వరండాలోకొచ్చారు. కబురు విన్న దగ్గర్నుంచీ ఆయనకు కడుపులో తిప్పుతోందట. ఆఫీసులో సగం మందికి అలాగే ఉందట.

ఆయన ఆజ్ఞలు వరసగా వచ్చాయి. ట్యాంకు ఖాళీ చేసి కడగాలి. ఆఫీసుకు నీళ్ళొచ్చే లైనులో తేడా ఉండొచ్చు గనుక ఆ లైను వాల్వు కట్టేయించాలి, దాని మీద ఉన్న వీధులకు ట్యాంకర్లు పంపించాలి. ట్యాంకు సరిగ్గా కడగనందుకు అటెండరుకు మెమో ఇవ్వాలి. కారణం తేలేదాకా ఎవరికీ సెలవుల్లేవు.

ఆ చివరి మాట దగ్గర టెక్నీషియన్ లెక్కలు వేసుకున్నాడు. నిజం చెబితే సారు పరువు పోతుంది, సారు పరువు పోతే సెలవూ పోతుంది. చెప్పకపోతే సెలవు ఎలాగూ పోయింది. ఇలా ఆలోచిస్తూనే మధ్యాహ్నం దాకా ట్యాంకు కడిగించే పని చూశాడు. అటెండరు చీపురు పట్టుకుని లోపల మోకాళ్ళ మీద కూర్చుని రుద్దుతున్నాడు. అద్దంలా ఉన్న ట్యాంకులో ఏం రుద్దాలో తెలియక రుద్దిందే రుద్దుతున్నాడు. మెమో మాట ఇంట్లో ఎలా చెప్పాలో తెలియడం లేదని ఒకసారి తలెత్తి అన్నాడు, మళ్ళీ రుద్దుకున్నాడు. ఇక టెక్నీషియన్ వల్ల కాలేదు. సంచి భుజాన వేసుకుని తిన్నగా సారు గదిలోకెళ్ళి తలుపు మూశాడు.

అతను నోరు విప్పకముందే సారు సంచి చూశారు. మొహం వెలిగిపోయింది. ఈ ఆఫీసులో నమ్మి తాగదగ్గ నీళ్ళు ఇవేనంటూ సంచి లాక్కుని, గొట్టం నోట్లో పెట్టుకుని గటగటా తాగారు. తాగి ఆగారు. చప్పరించి చూశారు. మళ్ళీ కొంచెం తాగారు.

"ఏంటయ్యా ఈ నీళ్ళు చప్పగా ఉన్నాయి? దీంట్లో తాగితే నీళ్ళకొక రుచొస్తుంది. కొండ గాలికి వస్తుందనుకుంటా. ఆ రుచేదీ?"

"ఆ రుచి మేడమ్ గారి ఇంక్యుబేటర్లో ఉంది సార్," అన్నాడు టెక్నీషియన్.

సారుకు అర్థం కాలేదు. టెక్నీషియన్ మెల్లగా, మొదట్నుంచి చెప్పాడు. సీసా, చీటీ, అటెండరు, పళ్ళెం. అత్తగారిని, గోడను మాత్రం వదిలేశాడు. చెబుతున్నంతసేపూ సారు మొహం రంగులు మారింది. ఊరంతటికీ శుభ్రత నేర్పిన మనిషి, ఇన్ని ఆదివారాలు ఏం తాగారో లెక్కేసుకుంటున్నట్టుంది. కడుపు మీంచి చెయ్యి మాత్రం తీసేశారు. కడుపునొప్పి పోయినట్టుంది, దానికి పైన ఇంకెక్కడో మొదలైంది.

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"మీకూ నాకూ సార్."

సారు సొరుగు లాగి సెలవు కాగితం తీశారు. పది రోజులని ఉన్నచోట పదిహేను చేశారు. సంతకం పెట్టారు. అటెండరు మెమో నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు.

"ఈ క్షణం నుంచే నీకు సెలవు. ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికెళ్ళిపో. ఆఫీసు నుంచి ఫోనొస్తే ఎత్తకు," అన్నారు. అతను తలుపు దాకా వెళ్ళాక, "నేను చేసినా ఎత్తకు," అన్నారు.

టెక్నీషియన్ ఇంటికెలా వచ్చాడో అతనికే తెలియదు. ఫోను కట్టేశాడు. చొక్కా విప్పి మంచం మీద వాలాడు. మోకాళ్ళ కింద దిండు పెట్టుకున్నాడు. ఇంత సుఖం ఒకటుందని మర్చిపోయానే అనుకున్నాడు, అనుకుంటూనే నిద్రపోయాడు.

సాయంత్రం భార్య లేపింది. చేతిలో ఖాళీ బక్కెట్టు ఉంది. పొద్దుట్నుంచీ కుళాయి రావడం లేదని, వీధి వీధంతా ట్యాంకరు దగ్గర కొట్టుకుంటోందని, ఉండబట్టలేక మీ ఆఫీసుకే ఫోన్ చేశానని చెప్పింది. తమ వీధి కుళాయిలూ ఆఫీసు లైను మీదవేనట. ట్యాంకు కడగడం ఎప్పుడో అయిపోయిందట. కానీ కడిగాక పట్టాల్సిన సీసా పట్టి, సంతకం పెట్టాల్సింది ఒకే ఒక్క మనిషట. ఆ సంతకం లేనిదే మేడమ్ పరీక్ష చెయ్యదట, పరీక్ష కానిదే వాల్వు తిప్పరట. ఆ మనిషేమో సెలవులో ఉన్నాడు, ఫోను ఎత్తడు, అతన్ని కదిలించడానికి వీల్లేదని పెద్ద ఆఫీసరే ఖచ్చితంగా చెప్పారట.

"పదిహేను రోజులటండీ," అంది బక్కెట్టు కింద పెట్టి. "వెల్ల గోడ కడుక్కోవడానికి కూడా చుక్క నీళ్ళు లేవు నాకు."

టెక్నీషియన్ మోకాళ్ళ కింది దిండు తీసి పక్కన పెట్టాడు. కిటికీలోంచి వీధిలో బిందెల చప్పుడు, తన పేరు తెలియని జనం తనను తిడుతున్న మాటలు వినబడ్డాయి. లేచాడు. ఆఫీసుకెళ్ళి, సెలవులో ఉన్న మనిషి సంతకం చెల్లదన్నారు గనుక, ముందు సెలవు రద్దు చేయమని ఒక కాగితం రాసిచ్చి, ఆ తర్వాత నిచ్చెనెక్కాడు.

మంచం మీద గడిపిన ఆ కాసేపటిని ఆఫీసు వాళ్ళు హాఫ్ డే కింద రాసుకున్నారు.