మావయ్యగారి మచ్చ

ఆదివారం పొద్దున్న డాక్టర్ లక్ష్మీకాంత్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భార్య చిన్నిని తీసుకుని ఉయ్యూరు వెళ్ళాలి, అత్తవారింట్లో భోజనం చెయ్యాలి, ఎండ తగ్గాక విజయవాడ వచ్చెయ్యాలి. చెరుకు ట్రాక్టర్ల వెనక కారు నత్తనడక నడుస్తున్నా అతనికి విసుగు రాలేదు. అతని మనసు రోడ్డు మీద లేదు, ఫౌజియా మీద ఉంది.

అపార్థం చేసుకోవలసిందేమీ లేదు. ఇద్దరూ ఒకే మెడికల్ కాలేజీలో పెథాలజీ డాక్టర్లు. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసి జబ్బేమిటో చెప్పడం వాళ్ళ పని. చర్మం ముక్కల్ని చదవడంలోనే ఏడాదిపాటు శిక్షణ ఇచ్చే డెర్మటోపెథాలజీ ఫెలోషిప్‌కి బెంగళూరులోని ఒక ఆస్పత్రి దరఖాస్తులు పిలిచింది. కాలేజీ నుంచి ఒక్క పేరే పంపాలి. పంపేది హెడ్డు వెంకటరత్నమ్మ గారు. లక్ష్మీకాంత్ నాలుగేళ్ళుగా దానికోసం కాచుకుని ఉన్నాడు. ఫౌజియా చేరి రెండేళ్ళే. కానీ మొన్న ఆవిడ ఒక అరుదైన చర్మం కేసు చూపిస్తే మేడం "చాలా బావుందమ్మా" అని మూడుసార్లు అన్నారు. లెక్కపెట్టింది లక్ష్మీకాంతే. ఆ తర్వాత ఆవిడ రెండుసార్లు మేడం గదిలోకి వెళ్ళి తలుపేసుకుని మాట్లాడింది. అప్పట్నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

ఉయ్యూరు చేరేసరికి మావగారు తిరుపతిరావు పెరట్లో స్నానం ముగించి, తువ్వాలుతో తల తుడుచుకుంటున్నారు. ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కాలో ఉండే మనిషి. ఆయన ఎడమ జబ్బ మీద రూపాయి బిళ్ళంత మచ్చ, నీలం కలిసిన నలుపు, అంచులు చెదిరి ఉన్నాయి. లక్ష్మీకాంత్ గుండె ఒక్కసారి వేగంగా కొట్టుకుంది. అది భయం కాదు, ఆశ.

"మావయ్యగారూ, ఈ మచ్చ ఎప్పట్నుంచి ఉంది?"

ఆయన తువ్వాలు గబుక్కున భుజం మీదికి లాక్కున్నారు. "ఎప్పటిదో లెండి అల్లుడుగారూ. మిల్లులో పనిచేసేటప్పుడు కాలింది."

"చిన్న ముక్క తీసి చూస్తే మంచిదండీ."

"వద్దు! ఏమీ వద్దు!"

ఆ కేకకి వంటింట్లోంచి అత్తగారు కనకలక్ష్మి పరిగెత్తుకొచ్చారు. "ఇంతగా వద్దంటున్నారంటే ఏదో ఉంది బాబూ. రేపే తీసుకెళ్ళు. ఈయన మాట వినకు," అన్నారు.

సోమవారం చర్మం డాక్టరు మచ్చలోంచి మినపగింజంత ముక్క తీశాడు. మంగళవారం పొద్దున్నే స్లైడు తయారైంది. లక్ష్మీకాంత్ కన్ను ఆనించి చూశాడు. చర్మం లోపలంతా నల్లటి రేణువులు, గుంపులు గుంపులుగా. మెలనోమా! చర్మానికి వచ్చే నల్ల క్యాన్సరు, మన వైపు అరుదు.

"బ్లీచ్ పెట్టమంటారా సార్? నల్లరేణువులుంటే మామూలుగా పెడతాం కదా," అన్నాడు ల్యాబు టెక్నీషియన్ శౌరయ్య.

"అక్కర్లేదు. ఫౌజియా మేడంకి మాత్రం ఈ స్లైడు చూపించకు."

వెంటనే ఫోను తీసి మేడంకి మెసేజ్ కొట్టాడు: "మెలనోమా దొరికింది. చాలా అరుదు. ఇంత మంచి కేసు దొరకడం నా అదృష్టం."

అయితే ఆ మెసేజ్ మేడంకి వెళ్ళలేదు. 'ఉయ్యూరు కుటుంబం' అనే వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళింది. అతను గమనించి తుడిచేలోపు పద్నాలుగు మంది చదివేశారు. ముందుగా చదివింది చిన్ని.

"మా నాన్నకి క్యాన్సరొస్తే మీకు అదృష్టమా అండీ?" అని వెంటనే ఫోను చేసి అడిగింది.

 ఆదివారం నుంచీ మచ్చ గురించే తప్ప మావగారి గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదన్న సంగతి అతనికి అప్పుడు తట్టింది.

మధ్యాహ్నానికి గన్నవరం పెదనాన్నలు, కూచిపూడి మేనత్తలు కొబ్బరిబొండాలతో సహా పెథాలజీ వరండా నింపేశారు. "బంగారంలాంటి మనిషండీ. నాకు తెలియకుండా ఒక్క అడుగు వెయ్యలేదు నలభై ఏళ్ళలో," అని కనకలక్ష్మి గారు ఏడుస్తున్నారు. ఆవిడ పక్కన తిరుపతిరావు నేల చూపులు చూస్తూ కూర్చున్నారు.

గోల విని మేడం ఆ దంపతుల్నీ, లక్ష్మీకాంత్‌నీ తన గదిలోకి పిలిచారు. స్లైడు తెప్పించి చూసి, ఫౌజియాని కూడా చూడమన్నారు. లక్ష్మీకాంత్ పళ్ళు బిగించాడు.

"బ్లీచ్ పెట్టారా సార్?" అని అడిగింది ఫౌజియా.

"సార్ వద్దన్నారండీ, నేనే అలవాటుకొద్దీ పెట్టేశా," అంటూ శౌరయ్య రెండో స్లైడు అందించాడు.

ఫౌజియా దాన్ని చూసి మెల్లగా నవ్వింది. "మన ఒంటి నలుపైతే బ్లీచ్‌కి పోతుంది మేడం. ఇది చెక్కుచెదరలేదు. ఇది సిరా. క్యాన్సరు కాదు, పాత పచ్చబొట్టు."

కనకలక్ష్మి గారు రెండు చేతులూ ఎత్తి అమ్మవారికి దణ్ణం పెట్టారు. ఆ చేతులు మధ్యలోనే ఆగిపోయాయి.

"పచ్చబొట్టా? మిల్లులో కాలిందన్నారుగా?"

తిరుపతిరావు గొంతు సవరించుకున్నారు. "సిరాయే క్యాన్సరైందనుకున్నానే. చేసిన తప్పుకి శిక్ష అనుకున్నా."

"ఎవరి పేరది?"

"అమల. నిన్ను చూడకముందు చూసిన సంబంధం. కుదిరిపోయిందనుకుని పొడిపించుకున్నా. తర్వాత కుదరలేదు."

"అంటే నలభై ఏళ్ళూ ఆవిణ్ణి చేతి మీద పెట్టుకు తిరిగారా!"

"అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయే."

"మచ్చ మిగిలిందిగా!"

ఆవిడ విసురుగా బయటికి నడిచారు. తిరుపతిరావు వెంటపడ్డారు. వరండాలో బంధువులు ఎందుకు ఏడవాలో తెలియక బొండాలు కొట్టుకుని తాగడం మొదలుపెట్టారు.

గదిలో మేడం కళ్ళజోడు తీశారు. "లక్ష్మీకాంత్, ఈ ఫౌజియా రెండుసార్లు నా దగ్గరికొచ్చి ఏమందో తెలుసా? తనకి కిడ్నీల మీద ఆసక్తి అట. చర్మం సీటు సార్‌కే ఇవ్వండి, ఆయన ఎన్నాళ్ళనుంచో చూస్తున్నారు అంది. ఇవాళ సాయంత్రం నీ పేరే పంపుదామనుకున్నా."

లక్ష్మీకాంత్ ముఖం వెలిగింది. "థ్యాంక్యూ మేడం."

"అనుకున్నా అన్నాను. పరీక్ష పూర్తికాకుండా క్యాన్సరు అని ఊరంతా చాటేవాణ్ణి పంపి కాలేజీ పరువు తియ్యలేను. ఫౌజియా, నువ్వెళ్ళు."

"మేడం, నాకు కిడ్నీలు..."

"కిడ్నీలు ఎక్కడికీ పోవు. ఏడాది ఆగుతాయి."

ఫౌజియా ఆ నెలాఖరుకి బెంగళూరు రైలెక్కింది. స్టేషనుకి వెళ్ళి సూటుకేసు ఎక్కించింది లక్ష్మీకాంతే. "సారీ అండీ," అన్నాడు కిటికీ దగ్గర నిలబడి. ఆ మాట నిజంగానే అన్నాడు. ఇంటికొచ్చేసరికి రెండో బెడ్రూములో అత్తగారు బీరువా సర్దుకుంటున్నారు. ఆవిడ పచ్చబొట్టు సంగతి బయటపడ్డ రోజునుంచీ ఉయ్యూరు వెళ్ళలేదు.

ఫెలోషిప్పుకైతే ఏడాది అని గడువుంది.