ప్రజల ఎడమచేయి

శత్రు విమానాలు దాడి చేస్తే ప్రభుత్వ నాయకత్వాన్ని ఎలా తరలించాలో అభ్యాసం చేసిన ఆ మంగళవారం ఉదయం, సచివాలయంలో కాంట్రాక్టు అటెండరుగా పనిచేసే అప్పయ్యమ్మను రాష్ట్ర ప్రజలుగా నియమించారు. పదకొండున్నరకల్లా ఆమెలో పది శాతం మరణించింది.

ప్రజలు ఒక్కరే కావడానికి కారణం ఉంది. కిందటేడు ఆ పాత్రకు మూడువేల మందిని పిలిస్తే, వాళ్లు నాయకుల వాహనాలకు అడ్డం పడ్డారు. ప్రజలు తగ్గేకొద్దీ తరలింపు వేగం పెరుగుతుందని సమీక్షలో తేలింది. సున్నాకు తగ్గిస్తే ప్రభుత్వం ఎవరిదన్న చిక్కు వస్తుందని న్యాయశాఖ అభ్యంతరం చెప్పడంతో ఒకటి దగ్గర ఆపారు.

సైరన్ మోగగానే ప్రజలు నాలుగు నిమిషాలు ఆందోళన చెందాలి. ఐదో నిమిషంలో ధైర్యం తెచ్చుకోవాలి. అప్పయ్యమ్మ అక్షరాలా అలాగే చేసింది. ఆ వ్యవధిలో నలభైముగ్గురు నాయకులు, తమ కుర్చీల మీది తెల్ల తువ్వాళ్లతో సహా, నేలమాళిగకు చేరారు. నాయకత్వ నష్టం శూన్యం. ప్రజానష్టం పది శాతమని మాత్రం ప్రణాళికలో ముందే అచ్చయి ఉంది. అచ్చయినది జరగక తప్పదు.

అందుకని డాక్టరమ్మను పిలిపించారు. కాలిన గాయాలను అంచనా వేసే పద్ధతిలో ఒక చేయి తొమ్మిది శాతమని, మిగిలిన ఒక్క శాతానికి చెవిని కలుపుకోవచ్చునని ఆమె చెప్పింది. ఏ చేయి అన్న విషయంలో చర్చే జరగలేదు. ఎడమచేయి ఏ మంచి పనికీ వాడేది కాదు గనుక ప్రజలకు కలిగే కష్టం స్వల్పమని ఉపకార్యదర్శి ఆనందరావుగారు ఫైలులో రాశారు.

"సారూ, నాను పుర్రసేతి దాన్నండి," అంది అప్పయ్యమ్మ. "కూర తరిగినా, సంతకం ఎట్టినా ఆ సెయ్యేనండి. సంపితే కుడిసెయ్యి సంపీండి."

"ప్రజలది కుడిచేతి వాటమనే రికార్డులో ఉందమ్మా. నీ ఒక్కదాని కోసం ప్రజల వాటం మార్చమంటావా?"

"పెజలంతా నానొక్కదాన్నే కదండి."

ఆ మాటలో తప్పేమీ ఆయనకు కనిపించలేదు. అందుకే ఆమె ఎడమపక్కకు వెళ్లి నిలబడి జవాబు చెప్పారు. ఎడమచెవి మరణపత్రం మీద అప్పటికే ముద్ర పడింది కాబట్టి, జవాబేమిటో ఆమెకు తెలియలేదు. రెండో పత్రం మీద ముద్ర పడగానే చేయి చల్లబడి పక్కన వేలాడింది. గాజులు మాత్రం నడిచినప్పుడల్లా మోగుతూనే ఉన్నాయి.

మర్నాడు హాజరుపట్టీలో కుడిచేత్తో పెట్టిన వంకర సంతకాన్ని ఆమెది కాదన్నారు. ఎడమచేతి వేళ్ల మధ్య కలం ఇరికించి, ఆ చేతిని కుడిచేత్తో నడిపించి పెడితే, మృతుల సంతకం చెల్లదన్నారు. ఆమె రోజూ వచ్చింది, అందరికీ టీలు పోసింది, రోజూ గైర్హాజరైంది. ముప్పై రోజులు అలా గడిస్తే ఉద్యోగం పోతుంది. సరిగ్గా ముప్పయ్యో రోజున సమీక్షా సమావేశం పెట్టారు. చేతిని తిరిగి బతికించే అధికారం ఆ సమావేశానికి మాత్రమే ఉంది.

"అభ్యాసం విజయవంతమైంది. ఫలితాలను యథాతథంగా ఖాయం చేస్తున్నాం," అన్నారు ఆనందరావుగారు. "ప్రజలకు అభ్యంతరం ఉంటే చేయెత్తాలి."

అప్పయ్యమ్మ కుడిచేత్తో ఎడమచేతి మణికట్టు పట్టుకుని, ఎంత ఎత్తగలదో అంత ఎత్తింది.

"అది పోయిన చేయి కదమ్మా. లెక్కలోకి రాదు."

"సంతకం ఎట్టీ సెయ్యి ఇదేనండి, బాబూ. దీని మాట ఇదే సెప్పుకోవాల కదండి."

"అభ్యంతరాలు లేవు," అని ఆయన రాసుకున్నారు. "ఆమోదమైతే చేయెత్తాలి."

ఎడమచేతిని పట్టుకున్న కుడిచేయి అప్పటికింకా పైనే ఉంది. ఏకగ్రీవం, అని రాసుకున్నారు.

అటెండరు ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. ప్రజల ఉద్యోగం మాత్రం పర్మనెంటు అయింది. దానికి సంతకం అక్కర్లేదు. వచ్చే ఏడాది ప్రణాళికలో ప్రజానష్టం అంకె ఇరవై ఐదని విని, కాళ్లలో ఏది లేకపోయినా పని జరుగుతుందో ఆమె ఇంట్లో కుంటుతూ చూసుకుంది.

ఈలోగా ఎన్నికలు వచ్చాయి. పోలింగు కేంద్రంలో సిరా పూసే గుమస్తా తల ఎత్తకుండానే ఆమె ఎడమచేతి చూపుడువేలు అందుకున్నాడు.

"అది సచ్చిపోయిన ఏలండి," అంది అప్పయ్యమ్మ, తర్వాత మాట పడకూడదని.

"ఓటుకి ఫర్వాలేదమ్మా. జరుగు, ఎనకాల జనం ఉన్నారు."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. వరుసలో అందరూ తమ ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని, తమ వంతు కోసం సిద్ధంగా నిలబడి ఉన్నారు.